సెన్నా హెల్మెట్, సగం కొలతలో: తొమ్మిది నెలల తర్వాత ఒక సమీక్ష

బ్రెజిల్‌కు చెందిన ఫార్ములా వన్ రేసు డ్రైవర్ ఐర్టన్ సెన్నా 1988లో మెక్‌లారెన్ జట్టు కారు నడిపిన రోజుల నాటి హెల్మెట్‌కు సరిగ్గా సగం కొలతలో చేసిన నమూనా ఒకటి తొమ్మిది నెలలుగా నా రాతబల్ల మీద ఉంది. కొన్న వారంలోనే సమీక్ష రాయబోయి ఆగిపోయాను. అప్పటికి నా కంటికి ఆనినవి రంగు, నునుపు, పెట్టె అందం మాత్రమే. రోజూ ఎదురుగా పెట్టుకుని పనిచేస్తూ ఉంటే గానీ ఈ వస్తువు తన యజమాని కథలో ఎంత భాగం చెబుతోందో, ఎంత భాగం మింగేస్తోందో తెలిసిరాలేదు. కొనదలచినవారికి ముందే ఒక మాట చెప్పేస్తాను: పనితనం వరకు చూస్తే ఇది పెట్టిన డబ్బుకు న్యాయం చేసే వస్తువే. నా ఫిర్యాదులు రెండు. ఒకటి మరమేకుకు సంబంధించినది, రెండోది చాలా పెద్దది.

మరమేకు సంగతి ముందు తేల్చేద్దాం. నమూనా గట్టి అట్టపెట్టెలో, చుట్టూ నురుగుమెత్తల మధ్య భద్రంగానే వచ్చింది. అయితే కళ్ల ముందు ఎత్తి దించే పారదర్శకపు మూతను, అంటే వైజర్‌ను, పెంకుకు బిగించే రెండు చిన్న మరలలో కుడివైపుది పెట్టె అడుగున ఊడిపడి ఉంది. అమ్మకందారుకు ఫొటో పంపితే మూడు రోజులకు జవాబు వచ్చింది, పదిహేను రోజులకు కొత్త మర వచ్చింది, ఆ వచ్చిన మర ఒక నూలు పొడవు ఎక్కువై వైజర్‌ను పూర్తిగా మూయనివ్వలేదు. చివరికి పాతదాన్నే కళ్లజోడు బాగుచేసేవారి సన్నని స్క్రూడ్రైవర్‌తో నేనే బిగించుకున్నాను. ఇప్పటికీ వైజర్‌ను పదిసార్లు ఎత్తి దించితే ఆ కుడి మర కొద్దిగా వదులవుతుంది. పిల్లలున్న ఇంట్లో ఇది గమనించుకోవలసిన విషయం.

ఇక పనితనం. పెంకు గట్టి ప్లాస్టిక్; చేతిలోకి తీసుకుంటే బొమ్మలా తేలిపోదు, అలాగని అసలు హెల్మెట్ బరువును గుర్తుచేసేంత బరువూ లేదు. లోపల నల్లటి మెత్త, దాని మీద సన్నని బట్ట, గడ్డం కింద పట్టీ, పట్టీని లాగి బిగించే రెండు లోహపు రింగులు, అన్నీ నిజంగానే పనిచేస్తాయి. చూపుడువేలు దూర్చి మెత్తను నొక్కితే లోపలికి అణిగి నెమ్మదిగా తిరిగి లేస్తుంది. ఎవరూ చూడని చోట ఇంత శ్రద్ధ పెట్టిన తయారీదారును మెచ్చుకోవలసిందే. పసుపు రంగు మీద వేసిన పారదర్శకపు పూత మాత్రం అవసరానికి మించి మెరుస్తుంది. కిటికీ ఎదురుగా పెడితే కిటికీయే కనబడుతుంది, హెల్మెట్ కనబడదు.

ఆ రంగుల దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఎవరైనా ఈ నమూనా కొనేది వాటి కోసమే. సావో పాలోలో హెల్మెట్లకు రంగులు వేసే సిడ్ మోస్కా, సెన్నా ఇంకా కార్ట్‌లు అనే చిన్న రేసు బండ్లు నడుపుతున్న రోజుల్లో ఈ అలంకరణ రూపొందించాడు. ఎమర్సన్ ఫిట్టిపాల్డి, నెల్సన్ పికే వంటి బ్రెజిల్ డ్రైవర్ల హెల్మెట్ల మీద కూడా ఆయన చేతి పని ఉంది. బ్రెజిల్ జెండా రంగులే ఇందులోనూ ఉన్నాయి: నేలంతా పసుపు, వైజర్ పై భాగాన్ని చుట్టి వెనక్కి వెళ్లే ఆకుపచ్చ పట్టీకి నీలం అంచు, దవడ మీదుగా వెనక్కి వెళ్లే నీలం పట్టీకి ఆకుపచ్చ అంచు, రెండు పట్టీలూ తల వెనక కలుసుకుంటాయి. చెప్పడానికి ఇంతే. కానీ ఎదురుగా వచ్చే కారులో ఈ పట్టీలు కనురెప్పల్లా పనిచేసి, అవతలివాణ్ణి తీక్షణంగా చూస్తున్న ముఖంలా కనిపించేవి. నమూనాను బల్ల అంచుకు జరిపి కళ్లు దాని ఎత్తుకు దించి చూస్తే ఆ చూపు ఇప్పటికీ పట్టుబడుతుంది. పట్టీలు కలిసే వెనక భాగంలో నీలం అంచు ఒకచోట వెంట్రుకవాసి లావై, మరోచోట సన్నబడింది. దుకాణపు భాషలో దీన్ని లోపమనాలేమో. టేపు అంటించి చేత్తో రంగు వేసే పనిని తలపించే ఆ చిన్న వంకర నాకు మాత్రం నచ్చింది.

ఒక డ్రైవర్‌ను హెల్మెట్‌తో గుర్తుపట్టడం ఇవాళ రేసులు చూడటం మొదలుపెట్టినవారికి కొంత వింతగా అనిపించవచ్చు. 1988 నాటి కార్లలో డ్రైవర్ భుజాల పైభాగం నుంచి తలదాకా గాలిలోనే ఉండేది. మలుపులో తల ఏ వైపు వాలుతోందో, గతుకు మీద ఎలా ఊగుతోందో, పక్కకు ఎప్పుడు చూశాడో టీవీలో సైతం కనబడేది. ఇప్పుడు మెడకు రెండువైపులా ఎత్తయిన మెత్తలు, వాటిపైన తల చుట్టూ వంపు తిరిగే టైటానియం రక్షణ కడ్డీ హేలో ఉండటంతో హెల్మెట్ అందులో ముక్కాలు భాగం మునిగిపోతుంది. పైగా ఈ తరం డ్రైవర్లు రేసుకో రంగు మార్చే అలవాటులో పడ్డారు. 2015లో సీజన్ మధ్యలో అలంకరణ మార్చకూడదని నియమం కూడా పెట్టి, 2020లో మళ్లీ సడలించారు. పదేళ్ల ఫార్ములా వన్ జీవితంలో ఒకే ముఖంతో కనిపించిన సెన్నా హెల్మెట్‌కు అభిమానుల మనసులో ఇంత గట్టి చోటు దొరకడానికి అది కూడా ఒక కారణమని నా అభిప్రాయం. అలాగని ఆ కనబడే తనాన్ని మంచి పాత రోజుల వైభవంగా తలచుకుని మురిసిపోలేను. తల అంతగా కనబడిందంటే దానికి అడ్డంగా ఏమీ లేదని అర్థం.

అమ్మకందారు దగ్గర రెండు సంవత్సరాల నమూనాలు ఉన్నాయి: 1988ది, 1994ది. నేను 1988నే ఎంచుకున్నాను. ఆ ఏడు మెక్‌లారెన్ ఎంపీ4/4 కార్లు 16 రేసుల్లో 15 గెలిచాయి; వాటిలో 8 సెన్నావి, 7 అదే జట్టులోని అలైన్ ప్రోస్ట్‌వి. జపాన్‌లోని సుజుకాలో పోల్ నుంచి, అంటే అందరికన్నా ముందు స్థానం నుంచి, బయలుదేరవలసిన వేళ ఇంజన్ ఆగిపోయి, ట్రాక్ వాలుగా ఉండబట్టి కారు దొర్లి మళ్లీ అందుకుని, 14వ స్థానానికి జారిపోయిన సెన్నా ఆ రేసునే గెలిచి తొలి ప్రపంచ టైటిల్ సాధించాడు. నా బల్ల మీద ఉండవలసింది ఆ ఏటి హెల్మెట్ అనుకున్నాను. 1994ది కొనేందుకు చెయ్యి రాలేదు. ఇక్కడ నిజాయితీగా ఒకటి ఒప్పుకోవాలి: ఈ నమూనా కొంత దాస్తోందని కింద నేను చేయబోయే ఫిర్యాదు, కొనేటప్పుడు నేను చేసిన పనికి కూడా వర్తిస్తుంది.

నుదుటి మీద ఆయన్ను ఏళ్ల తరబడి పోషించిన బ్రెజిల్ బ్యాంకు పేరు 'నాసియోనల్' అని స్పష్టంగా ముద్రించారు. అక్షరాలు గోరుతో గీకినా లేవలేదు. పొగాకు ప్రకటన ఉండవలసిన చోట్లను మాత్రం ఖాళీగా వదిలేశారు. ఈ రకం నమూనాలన్నిటిలోనూ ఇదే పద్ధతి, కారణమూ అర్థం చేసుకోదగినదే. అయినా ఆ ఖాళీ దగ్గర కన్ను ఒక క్షణం తడబడుతుంది.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది ఇందులోని శుభ్రత. రేసు ముగిసిన తర్వాత తీసిన ఏ హెల్మెట్ అయినా చూడండి, ముందు భాగమంతా చచ్చిన పురుగులు, నూనె తుంపర, కరిగిన రబ్బరు పొట్టు, గులకరాయి తగిలిన తెల్లటి చుక్కలు. వైజర్ మీద మసిబారిన కొద్దీ చించి పారేసేందుకు పొరలు పొరలుగా పారదర్శకపు పలకలు అంటిస్తారు. ఈ నమూనాలో వాటి కోసం వైజర్ అంచున ఉండే చిన్న బొడిపెలు ఉన్నాయి గానీ పలక ఒక్కటీ లేదు. వానలో పోటీ అంటే సెన్నా పేరు చెప్పే మనకు ఆ వైజర్ వెనక ఏమి కనబడి ఉంటుందన్న ఊహ రావాలి కదా. 1984లో మొనాకో వానలో, బలహీనమైన టోల్‌మన్ కారుతో 13వ స్థానం నుంచి బయలుదేరి, రేసును మధ్యలో ఆపేసే వేళకు ప్రోస్ట్ వెనక రెండో స్థానానికి చేరాడు. 1993లో డోనింగ్టన్ పార్క్‌లో నాలుగో స్థానంలో మొదలై, తొలి మలుపుకు ఐదుకు పడి, ఆ ల్యాప్ ముగిసేలోగా అందరినీ దాటేసి ముందుకు వచ్చాడు. ముందున్న కారు చక్రాలు ఎగజిమ్మే నీటి తెరలో ఎదుటివాడి బ్రేకు దీపం కూడా ఆనదు. పైన వాన, లోపల ఊపిరికి పట్టే ఆవిరి. ఆ రెండు రేసులనూ మనం ఆకాశం నుంచి, కెమెరా ఎత్తు నుంచి చూశాం. ఆయన చూసింది ఈ నాలుగు వేళ్ల వెడల్పు సందులోంచి.

ఆ సందును నేను స్కేలు పెట్టి కొలిచాను. కొలవడానికి ఒక కారణం ఉంది. 2019 నుంచి ఫార్ములా వన్‌లో తప్పనిసరైన కొత్త ప్రమాణం ప్రకారం వైజర్ తెరిచే కంత పై అంచును 10 మిల్లీమీటర్లు కిందికి దించి, నుదుటికి అంతమేర పెంకు రక్షణ పెంచారు. సగం కొలత నమూనా మీద అది 5 మిల్లీమీటర్లు. పెన్సిలుతో కాగితం మీద ఆ గీత గీసి వైజర్ మీద ఆనించి చూశాను. పెన్సిల్ మందం కన్నా తక్కువ. ఆ కొద్దిపాటి మేర కోసం ఎందరు ఇంజనీర్లు, ఎన్ని ప్రమాదాల తర్వాత కూర్చున్నారో తెలిస్తే ఈ అలంకార వస్తువును వేరే కంటితో చూడక తప్పదు. అదే ప్రమాణంలో 225 గ్రాముల లోహపు ముక్కను గంటకు 250 కిలోమీటర్ల వేగంతో హెల్మెట్ మీదికి పేల్చి పరీక్షిస్తారు.

నా రెండో ఫిర్యాదు ఇక్కడ మొదలవుతుంది. పెట్టెలో హెల్మెట్‌తో పాటు నాలుగు పేజీల మడత పత్రం ఒకటి ఉంది. మంచి మందపాటి కాగితం, మంచి ఫొటోలు. 1988, 1990, 1991 ప్రపంచ టైటిళ్లు, 41 విజయాలు, 65 పోల్ పొజిషన్లు, మొనాకోలో 6 విజయాలు, అన్నీ సరిగ్గానే వేశారు. పేరు కింద బ్రాకెట్లలో 1960–1994 అని ఉంది. ఆ గీతకు కుడివైపు సంవత్సరం గురించి నాలుగు పేజీల్లో ఒక్క వాక్యం కూడా లేదు. సెన్నా ఎవరో తెలియని పిల్లవాడు ఈ పత్రం చదివితే 34 ఏళ్ల మనిషి జబ్బుచేసి పోయాడనుకున్నా ఆశ్చర్యం లేదు. తలను కాపాడవలసిన వస్తువుకు ప్రతిరూపం చేసి అమ్ముతూ, ఆ తలకు ఏమైందో చెప్పకపోవడం నాకు మింగుడుపడలేదు.

హెల్మెట్ గురించి రాసే పత్రమే అయితే అందులో 1992 ఆగస్టు నాటి బెల్జియం సంఘటన ఉండి తీరాలి. స్పా ట్రాక్‌లో సాధన జరుగుతుండగా ఎరిక్ కోమా నడుపుతున్న లిజియే కారు గోడకు కొట్టుకుని ట్రాక్ మధ్యలో ఆగిపోయింది. కోమాకు స్పృహ లేదు, కాలు యాక్సిలరేటర్ మీదే ఉండిపోయింది, ఇంజన్ గీపెడుతోంది. వెనకే వచ్చిన సెన్నా తన కారు ఆపి, మిగతా కార్లు ఇంకా దూసుకొస్తున్న ట్రాక్ మీద పరుగెత్తి వెళ్లి, ముందు ఇంజన్ ఆపేశాడు; తర్వాత వైద్యులు వచ్చేదాకా కోమా హెల్మెట్‌ను రెండు చేతులతో కదలకుండా పట్టుకుని నిలబడ్డాడు. మెడ ఎముక విరిగి ఉంటే తల ఒక్క అంగుళం వాలినా మనిషి దక్కడు. ఆ సంగతి తెలిసిన పట్టు అది. అంతకు రెండేళ్ల ముందు స్పెయిన్‌లోని హెరెజ్‌లో మరో డ్రైవర్ మార్టిన్ డోనెలీ ఘోరంగా గాయపడినప్పుడు కూడా సెన్నా అక్కడికి వెళ్లి నిలబడ్డాడు. ఆయన స్నేహితుడూ ఫార్ములా వన్ వైద్య బృందం అధిపతీ అయిన సిడ్ వాట్కిన్స్ చేసే పనిని దగ్గరగా చూశాడు.

ఇంత చెప్పి, సెన్నాను సాధువును చేయడం నా ఉద్దేశం కాదు. 1990 సుజుకాలో తొలి మలుపు దగ్గర ప్రోస్ట్ కారును తన కారుతో గుద్ది ఇద్దరినీ రేసు నుంచి బయటకు తోసి టైటిల్ గెలిచాడు. అది కావాలనే చేశానని మరుసటి ఏడు తానే ఒప్పుకున్నాడు. అంతకు ముందు ఏడు తనకు జరిగిన అన్యాయం ఎంత పెద్దదైనా, వెనక రెండు డజన్ల కార్లు దూసుకొస్తుండగా ఆ వేగంలో చేసిన ఆ పనిని సమర్థించడం నా వల్ల కాదు. ప్రమాదమంటే ఏమిటో అందరికన్నా దగ్గరగా చూసినవాడు, కోపం వస్తే దాన్నే ఆయుధం చేసుకున్నాడు. ఈ రెండు పనులూ చేసింది ఒకే మనిషి. అభిమానించేవాళ్లం రెండింటినీ మోయాలి.

ఇక ఆ 1994. ఇటలీలోని ఇమోలాలో సాన్ మారినో గ్రాండ్ ప్రీ. ఏప్రిల్ 29 శుక్రవారం రూబెన్స్ బారికెల్లో నడుపుతున్న జోర్డన్ జట్టు కారు గాలిలోకి లేచి కంచెను కొట్టింది. వైద్యశాలలో స్పృహ వచ్చి కళ్లు తెరిస్తే ఎదురుగా కనబడింది సెన్నా. మర్నాడు అర్హత పోటీలో, ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌కు చెందిన రోలాండ్ రాట్జెన్‌బర్గర్ నడుపుతున్న సిమ్‌టెక్ కారుకు ముందు రెక్క ఊడిపోయింది. గంటకు సుమారు 314 కిలోమీటర్ల వేగంలో కారు అదుపు తప్పి గోడను కొట్టింది. ఆయన వయసు 33. ఎన్నో ఏళ్లు చిన్నాచితకా పోటీలు నడిపి, ఎట్టకేలకు ఆ ఏడే ఫార్ములా వన్‌లోకి వచ్చినవాడు. అంతకు ముందు ఒకే ఒక్క గ్రాండ్ ప్రీ రేసులో పాల్గొన్నాడు, జపాన్‌లోని ఐదాలో, 11వ స్థానం. గ్రాండ్ ప్రీ వారాంతంలో డ్రైవర్ మరణించడం 1982లో మాంట్రియల్‌లో రికార్డో పలెత్తి తర్వాత అదే మొదటిసారి. పన్నెండేళ్లు. అంత విరామంలో డ్రైవర్లలో ఒక తరం మారిపోయింది, ఈ కార్లలో చావు లేదన్న భ్రమ చాలామందిలో కుదురుకుంది.

సెన్నా ఒక అధికారిక కారు ఎక్కి ఆ ప్రమాదం జరిగిన చోటికి వెళ్లి చూసి వచ్చాడు. వాట్కిన్స్ ఆయన్ను పక్కకు తీసుకెళ్లి, మూడుసార్లు ప్రపంచ విజేతవు, నిరూపించుకోవలసింది ఏమీ లేదు, ఇద్దరం మానేసి చేపలు పట్టుకుందాం పద అన్నాడు. మానలేనన్నది సెన్నా జవాబు.

మే 1 ఆదివారం బయలుదేరేటప్పుడే జేజే లెహ్తో కారు కదలక ఆగిపోతే, వెనక నుంచి పెడ్రో లామీ గుద్దాడు. ఊడిన చక్రం, ముక్కలు కంచె దాటి ప్రేక్షకుల మీద పడ్డాయి. సేఫ్టీ కార్ వెనక కొన్ని ల్యాప్‌లు నెమ్మదిగా నడిచి రేసు మళ్లీ మొదలైంది. ఏడో ల్యాప్‌లో టాంబురెల్లో మలుపు దగ్గర సెన్నా ఆ ఏడు నడుపుతున్న విలియమ్స్ జట్టు కారు ఎఫ్‌డబ్ల్యూ16 వంపు తిరగకుండా నేరుగా వెళ్లిపోయింది. ట్రాక్ వదిలినప్పుడు వేగం గంటకు సుమారు 310 కిలోమీటర్లు. ఆ కొద్ది క్షణంలోనే బ్రేకు వేయగలిగాడు గనుక గోడను తాకేసరికి సుమారు 210. ఒంట్లో మరే ఎముకా విరగలేదు. కుడివైపు ముందు చక్రం, దాన్ని పట్టి ఉంచే సస్పెన్షన్ ముక్క కాక్‌పిట్ మీదికి విరిగి వచ్చి తలను కొట్టాయి. ముక్క హెల్మెట్ ముందు భాగాన్ని చీల్చుకుని లోపలికి దిగింది. కొన్ని అంగుళాలు అటో ఇటో అయితే నడిచి వెళ్లిపోయేవాడని అప్పటి నుంచి అనుకుంటూనే ఉన్నాం. ఎర్ర జెండా ఊపి రేసు ఆపిన తర్వాత పొరపాటున పిట్ నుంచి ట్రాక్ మీదికి వచ్చేసిన ఒక కారు ఆ చోటిదాకా వెళ్లి ఆగింది. ఆ కారులో ఉన్నది ఎరిక్ కోమా. ఆయన ఆ రేసును ఇక కొనసాగించలేదు.

ప్రమాదానికి కారణం ఇదీ అని అందరూ ఒప్పుకున్నది ఇప్పటికీ లేదు. కాక్‌పిట్‌లో చేతులకు చోటు కోసం సన్నబరిచి అతికిన స్టీరింగ్ కడ్డీ విరిగిందన్నది ఇటలీ కోర్టుల్లో ఏళ్ల తరబడి నడిచిన వాదన. సేఫ్టీ కార్ వెనక టైర్లు చల్లారి గాలి తగ్గి కారు అడుగు నేలకు రాసుకుందన్నది మరొకటి. టైరు కోసుకుపోయిందన్నది ఇంకొకటి. గోడ విషయంలో మాత్రం సందేహం లేదు. అదే మలుపులో 1987లో పికే గుద్దుకున్నాడు, 1989లో గెర్హార్డ్ బెర్గర్ ఫెరారీ గోడను కొట్టి మంటల్లో చిక్కుకుంది. బెర్గర్, సెన్నా కలిసి ఒకసారి ఆ గోడ దగ్గరికి నడిచి వెళ్లి, దీన్ని వెనక్కి జరపలేరా అని తొంగి చూస్తే అవతల సాంతెర్నో నది పారుతోంది. సరే, జరపలేరు అనుకుని తిరిగి వచ్చేశారు. గోడ కదలకపోతే మలుపును కదపవచ్చునన్నది ఇద్దరికీ అప్పుడు తట్టలేదు. 1995లో నిర్వాహకులు చేసింది అదే, టాంబురెల్లోను వేగం తగ్గించే చికేన్‌గా మార్చారు.

ఆ తర్వాత జరిగిన మార్పుల్లో ఎన్ని తల చుట్టూ తిరిగాయో ఈ నమూనా పక్కన కూర్చుని లెక్కపెట్టుకున్నాను. 1995లో అడిలైడ్‌లో మికా హాకినెన్ తలకు తగిలిన దెబ్బ తర్వాత 1996 నుంచి కాక్‌పిట్ పక్కలు ఎత్తు పెంచి, దెబ్బ మింగే మెత్తలు పెట్టారు. ఊడిన చక్రాలు ఎగిరిపోకుండా తాళ్లు కట్టడం 1990ల చివర్లో వచ్చింది. హెల్మెట్‌ను భుజాలకు కట్టిపట్టి, కారు ఆగినా తల ముందుకు విసిరివేయబడకుండా చూసే హాన్స్ పట్టీ 2003 నుంచి ఫార్ములా వన్‌లో తప్పనిసరైంది. దాన్ని ఇద్దరు అమెరికన్లు 1980లలోనే తయారుచేశారు. రాట్జెన్‌బర్గర్ ప్రాణం తీసింది పుర్రె అడుగు ఎముక విరగడం; 2001లో అమెరికాలోని డేటోనాలో మరణించిన డ్రైవర్ డేల్ ఎర్న్‌హార్ట్‌దీ అలాంటి గాయమే. సరిగ్గా ఆ గాయాన్ని ఆపే సాధనం అన్నేళ్లు అలమరాలో ఉండిపోయిందంటే, బరువనీ ఒరుసుకుంటుందనీ డ్రైవర్లే వద్దన్నారంటే, తప్పు ఒక్కరిదని చెప్పలేం. మన వీధిలో హెల్మెట్ లేకుండా బండి తీసేవాళ్లు చెప్పే కారణాలూ ఇవే.

2009 జూలైలో వారం తిరక్కుండా రెండు దెబ్బలు. ఇంగ్లండ్‌లోని బ్రాండ్స్ హ్యాచ్‌లో, 1964 ప్రపంచ విజేత జాన్ సర్టీస్ కుమారుడు హెన్రీ, 18 ఏళ్లవాడు, మరో కారు నుంచి ఊడి ఎగిరొచ్చిన చక్రం హెల్మెట్‌కు తగిలి చనిపోయాడు. ఆరు రోజులకు హంగరీలో ఫెలిపె మస్సా హెల్మెట్‌ను, ముందు వెళుతున్న కారు నుంచి రాలిన స్ప్రింగు ఎడమ కన్ను పైన కొట్టింది. ఆ ముందు కారు నడుపుతున్నది బారికెల్లో కావడం ఈ కథలో మరో చేదు. మస్సా బతికాడు. వైజర్ పై అంచున, వైజర్, పెంకు కలిసే చోట 50 మిల్లీమీటర్ల వెడల్పున జైలాన్ అనే గట్టి నారతో చేసిన పట్టీ వేయడం 2011లో మొదలైంది. నా నమూనాలో ఆకుపచ్చ పట్టీ మొదలయ్యే చోటు సరిగ్గా అదే.

హెల్మెట్ ఎంత గట్టిదైనా చక్రం బరువును ఒంటరిగా ఆపలేదన్న నిజం అప్పటికి అందరికీ తెలిసిపోయింది. 2014లో సుజుకా వానలో జూల్ బియాంకి కారు, పక్కన మరో కారును ఎత్తుతున్న యంత్రం కిందికి దూసుకెళ్లింది. ఆయన 2015 జూలైలో కన్నుమూశాడు. అదే ఏడు ఆగస్టులో అమెరికాలోని పొకోనోలో జస్టిన్ విల్సన్‌ను మరో కారు ముక్కు భాగం తలకు తగిలి బలితీసుకుంది. 2018లో హేలో వచ్చింది. చూడటానికి చెప్పుల వారులా ఉందని వెక్కిరించినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ వెక్కిరింతను 2020 నవంబర్ 29న వెనక్కి తీసుకున్నాను. బహ్రెయిన్‌లో రోమెయిన్ గ్రోజాన్ కారు ఇనుప కంచెను చీల్చి రెండు ముక్కలై మండిపోతుంటే, తల పైనున్న కంచె పలకలను ఆ వంపు కడ్డీ విడదీసి పట్టింది. సుమారు 28 సెకన్లకు ఆయన మంటల్లోంచి తన కాళ్ల మీద తాను లేచి బయటికి వచ్చాడు. అంతకు ముందు ఏడు స్పాలో ఫార్ములా టూ రేసులో ఆంత్వాన్ హ్యూబెర్ కారుకు కూడా హేలో ఉంది, హ్యూబెర్ దక్కలేదు. పక్క నుంచి వచ్చి గుద్దిన కారుకు హేలో దగ్గర జవాబు లేదు.

ఇవన్నీ నాలుగు పేజీల పత్రంలో పట్టవని తయారీదారు అనవచ్చు, పట్టవు, నిజమే. ఒక పేరాకు చోటుంది. మూడో పేజీలో సగం ఆకాశం ఫొటో ఉంది.

నిర్వహణ విషయాలు త్వరగా చెప్పేస్తాను. నేరుగా ఎండ పడే చోట పెట్టవద్దు. తొమ్మిది నెలల్లో నాదానికి కిటికీ వైపు పసుపు ఒక ఛాయ వెలిసింది, తిప్పి పక్కపక్కన చూస్తే గానీ తెలియదు. తుడవడానికి కళ్లజోడు గుడ్డ చాలు, ఏ ద్రావకమూ వాడవద్దు. కింద వచ్చే నల్లటి పీఠం తేలికైనది, బల్ల కదిలితే జారుతుంది. అడుగున రబ్బరు ముక్కలు అంటించుకుంటే సరి. పిల్లల ఆటకు ఇది పనికిరాదు, తలకు పెట్టుకునేది కాదని వేరే చెప్పనక్కరలేదు. సెన్నా రేసులు చూసి పెరిగినవారు ఎలాగూ కొంటారు. ఇప్పుడిప్పుడే ఆయన గురించి తెలుసుకుంటున్నవారికి బహుమతిగా ఇవ్వాలనుకుంటే, ఆ మడత పత్రం తీసేసి మీరే ఒక ఉత్తరం రాసి పెట్టండి.

చివరగా అమ్మకందారుకు ఇంకో ప్రశ్న పంపాను: ఇదే కొలతలో రాట్జెన్‌బర్గర్ హెల్మెట్ దొరుకుతుందా అని. ఈసారి జవాబు ఒక్క పూటలోనే వచ్చింది, అడిగేవాళ్లు లేరట. ఆ ఆదివారం విలియమ్స్ కారు శిథిలాల్లో చుట్టిపెట్టిన ఆస్ట్రియా జెండా ఒకటి దొరికింది. గెలిస్తే రాట్జెన్‌బర్గర్ కోసం ఊపడానికి సెన్నా వెంట తీసుకెళ్లాడని చెబుతారు. సావో పాలోలో సెన్నా అంత్యక్రియలకు వీధులు నిండి బ్రెజిల్ మూడు రోజులు సంతాపం పాటించగా, సాల్జ్‌బర్గ్‌లో రెండు రోజుల తర్వాత జరిగిన రాట్జెన్‌బర్గర్ అంత్యక్రియలకు, మోటారు రేసులను నడిపించే అంతర్జాతీయ సంస్థ ఎఫ్ఐఏకు అప్పటి అధ్యక్షుడు మ్యాక్స్ మోస్లీ హాజరయ్యాడు. అందరూ అక్కడికి వెళ్లారు కాబట్టి ఇక్కడికి ఎవరో ఒకరు రావాలనిపించిందని ఆయన తర్వాత చెప్పుకున్నాడు.

అయిదు నక్షత్రాలకు నాలుగు ఇస్తున్నాను. మరమేకుకు కోత లేదు, అది ఎక్కడైనా జరిగేదే. మిగిలిన ఒక్క నక్షత్రం ఆ మూడో పేజీలో ఆకాశం ఉన్న చోట రెండు వాక్యాలు వేసిన రోజున ఇస్తాను: 1994 ఏప్రిల్ 30న ఇమోలాలో రోలాండ్ రాట్జెన్‌బర్గర్ మరణించాడు. మే 1న అదే ట్రాక్ మీద, ఇదే రంగుల హెల్మెట్ పెట్టుకుని ఉండగా, ఐర్టన్ సెన్నా తలకు దెబ్బ తగిలి మరణించాడు.